చేతుల మీద కాలవ దాటిన దేవకుమారి

“ముందు పడిపోవడం నేర్పిందండీ ఆ అమ్మాయి. దూకడం సంగతి తర్వాత చూద్దాం ఆంటీ అంది. నలభై తొమ్మిదేళ్ళదాన్ని, పడిపోవడం కూడా నాకొకళ్ళు నేర్పాలా అని నవ్వాను. తీరా చూస్తే నిజంగానే రాదండీ!”

దేవకుమారి గారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఈ ఊళ్ళో ఒకావిడ ప్రతి ఆదివారం చేతులూ కాళ్ళూ ఆనించి పాక్కుంటూ కాలవ దాటి చర్చికి వెళ్తుందని గణపవరంలో విని, నమ్మలేక, పని కట్టుకుని వచ్చాను. అబద్ధమండీ అంటారనుకున్నాను. “పాకడం కాదండీ, మోకాళ్ళు ఆనకూడదు” అని దిద్దారు.

కాలవ ఇంటికి ఎదురుగానే ఉంది. మీద రెండు పాత కరెంటు స్తంభాలు పక్కపక్కన పడేసి ఉన్నాయి. ఊరికి అదే వంతెన. పట్టుకోవడానికి ఏమీ లేదు. అవతలి గట్టున చర్చి, దాని వెనక చేపల చెరువులు, ఆ వెనక కొల్లేరు.

ఆవిడ భర్త హెన్రీ గారు పెయింటర్. ఆ చర్చి గోపురానికి నడుముకి తాడు కట్టుకుని కొన దాకా రంగు వేసింది ఆయనే. అక్కణ్ణించి ఏనాడూ జారని మనిషి, రెండేళ్ళ కిందట గోడకి క్యాలెండరు తగిలిద్దామని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పడ్డారు. తుంటి విరిగింది.

“కుర్చీ మీంచా?” అన్నాను.

“కుర్చీ మీంచేనండీ. గోపురం మీంచి పడుంటే కనీసం చెప్పుకోవడానికైనా బావుండేది అంటారాయన.”

ఎముక అతుక్కుంది. నడవమని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. ఆయన నడుస్తారు, గోడ పట్టుకుని. తనే రంగు వేసిన గోడ మీద, నడుమెత్తున, ఆయన చెయ్యి రాసుకున్న మేర నల్లటి చార పడింది. గోడ లేని చోటికి మాత్రం వెళ్ళరు. ఆదివారం ప్రార్థన ఈ గట్టున, ఇంట్లోనే కూర్చుని మైకులో వింటారు. ఈవిడ ఆటోలో పక్క ఊరి వంతెన మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్తానంటే, “స్తంభాలు దాటలేని హెన్రీ వచ్చాడని ఊరంతా ఊరేగిస్తావా?” అని కోప్పడ్డారట.

“అప్పుడండీ, తాడేపల్లిగూడెంలో మందులు తీసుకుని బస్సుకి నడుస్తున్నాను. ఖాళీ స్థలంలో ఒక మొండిగోడ. దాని మీంచి ఒక ఆడపిల్ల దూకేసింది! నా గుండె ఆగిపోయింది. మందుల సంచి వదిలేసి, పట్టుకోండర్రా అని అరుచుకుంటూ పరిగెత్తాను. నేను వెళ్ళేలోపు ఆ పిల్ల భుజం మీద దొర్లి, లేచి, మట్టి దులుపుకుంటోంది. పైగా నాకేసి చూసి, ఆంటీ మీకేం కాలేదు కదా అంటుంది!”

ఆ పిల్ల సాయిప్రియ, ఇంజనీరింగ్ చదువుతోంది. దీన్ని పార్కూర్ అంటారనీ, గోడొచ్చినా గుంటొచ్చినా ఉన్న ఒంటితోనే దాటడం నేర్చుకోవడమనీ చెప్పింది. మీ అమ్మకి తెలుసా అని ఈవిడ గద్దించారు. “అమ్మే బూట్లు కొనిపెట్టింది ఆంటీ” అంది.

“బస్సులో అదే ఆలోచనండీ. ఆ పిల్ల గోడ మీంచి పడి లేచింది. మా ఆయన కుర్చీ మీంచి పడి ఇప్పటికీ లేవలేదు. ఆ పిల్లకేం తెలుసో అది నాక్కావాలి అనిపించింది.”

తర్వాత శనివారం మందుల వంక పెట్టి మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాతా వెళ్ళారు. గడ్డిలో పక్కకి ఒరగడం, భుజం మీద దొర్లడం, గట్టు మీంచి చప్పుడు రాకుండా దిగడం.

“చప్పుడొచ్చిందంటే నేల మిమ్మల్ని కొట్టినట్టు ఆంటీ, మళ్ళీ దిగండి అనేది. ఎవరి కొలత వాళ్ళదే, పక్కవాళ్ళని చూసి దూకితే వాళ్ళ కాళ్ళు మనకి రావనేది. వద్దనిపిస్తే దూకకుండా వెనక్కి రావడమూ ఇందులో భాగమేనట. ఒక్కటే కోపమొచ్చేదండీ, చెయ్యి అందించదు. పక్కనే నిలబడుతుంది, అంతే. చెయ్యిస్తే మీ కాళ్ళు పని మానేస్తాయి ఆంటీ అంటుంది.”

స్తంభాల సంగతి చెబితే, చేతులు కూడా ఆనించి వెళ్ళమంది. ఒళ్ళు అంత కిందకి ఉంటే పడడానికి ఎత్తే మిగలదంది. ఈవిడ ఇంట్లో గచ్చు మీద చేసి చూపించారు. హెన్రీ గారు చూసి నిర్ఘాంతపోయారు.

“ఏమే, కుక్కలా నాలుగు కాళ్ళ మీద చర్చికి రమ్మంటావా నన్ను? ఊరు నవ్వదూ?” అన్నారు.

“నవ్వుతుందండీ, ఎందుకు నవ్వదు? ఆయనకి భయం నీళ్ళంటే కాదు. నీళ్ళు మోకాలి లోతు లేవు. భయమంతా ఆ నవ్వంటేనే. అందుకని ఆ ఆదివారం తెల్ల చీర కట్టుకుని, కుచ్చిళ్ళు ఎగదోపి, బైబిలు సంచి మెడలో వేసుకుని, నేనే చేతులు ఆనించాను.”

“అందరూ చూస్తుండగానా?”

“పాటలు మొదలెట్టబోతున్నారండీ, ఆగిపోయారు. హెన్రీ గారి ఆవిడకి కళ్ళు తిరిగాయి, పట్టుకోండి అని సంఘపెద్ద జాకబ్ గారు ఎదురొచ్చారు. మీరు తప్పుకోండి బాబూ, మీరే పడేస్తారు నన్ను అన్నాను. ఇంక చూడండి నవ్వులు! పిల్లలు నా వెనకాల పిల్లిలా నడిచారు. మా ఆయన గుమ్మంలోంచి అంతా చూశారు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.”

“మరి మానేశారా?”

“ఎందుకు మానేస్తానండీ? తర్వాతి వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. ఊరు నవ్వాల్సిందంతా నా మీదే నవ్వేస్తే ఇంక ఆయనకి మిగలదు కదా! మొన్న ఆదివారం ఒక్కళ్ళు తల తిప్పలేదు. జాకబ్ గారు మాత్రం, ఏమ్మా ఇవాళ ఆలస్యమైంది అన్నారు.”

చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆవిడ కాలవ వైపు చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను.

హెన్రీ గారు ఇంట్లో ఉన్నారనుకున్నాం. పెరటి దారిన ఎప్పుడు వెళ్ళారో, స్తంభాల దగ్గర నిలబడి ఉన్నారు. పక్కన గోడ లేదు. చేతులు రెండూ ఖాళీగా గాలిలో ఉన్నాయి. ఒంటికి తెల్ల చొక్కా ఉంది. ఇవాళ ఆదివారం కూడా కాదు.

ఒక కాలు స్తంభం మీద పెట్టారు. వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ పెట్టారు.

నేను లేచి అరుగు దిగబోతుంటే ఆవిడ నా చొక్కా పట్టుకుని ఆపారు.

“నేను వెళ్తే వెనక్కొచ్చేస్తారండీ. మీరు వెళ్ళండి. ఊరికే పక్కన నిలబడండి, చెయ్యి మాత్రం అందించకండి. ఆయన చేతులు కిందకి ఆనిస్తే మీరు కొల్లేటి వైపు తిరిగి కొంగల్ని చూడండి, దయచేసి.”