తన మీద తానే వేయబోయిన దావా

ఆమెను అందరూ బైండింగక్క అనేవారు. కోర్టు పాత రిజిస్టర్లకూ, వకీళ్ల లావుపాటి పుస్తకాలకూ కుట్లు వేసి అట్టలు అతికించడం ఆమె పని. ఇంటిని ఆనుకున్న గదిలో ఇనుప కటింగు మిషను, జిగురు డబ్బా, దారపు ఉండలు. ఆ గదే ఆమె బతుకుతెరువు.

తమ్ముడూ మరదలూ ఒకే ప్రమాదంలో పోయాక, వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు ఆమె దగ్గరికి చేరింది. పిల్ల ఆస్తికి సంరక్షకురాలిగా కోర్టు ఆమెనే నియమించింది. ఆస్తంటే పెద్దదేం కాదు, ఆమె ఇంటి పక్కనే తమ్ముడి వాటాకు వచ్చిన ఖాళీ స్థలం. దాని కొలతలు రాసిమ్మన్నారు. పంపకాల కాగితం ముందు పెట్టుకుని టేపు పట్టేసరికి, ఇన్నాళ్లూ పక్కకు నెట్టిన సంగతి ఎదురైంది. ఎనిమిదేళ్ల కిందట తాను కట్టించుకున్న బైండింగు గది, తమ్ముడి స్థలంలోకి మూడడుగులు జరిగి ఉంది.

తెలియక జరిగింది కాదు. మిషను పట్టదని మేస్త్రీ అంటే, గోడ జరిపి కట్టమని తనే చెప్పింది. తమ్ముడితో తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. అతను చూశాడు, నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం ఆ మాట ఎత్తనే లేదు.

మర్నాడు, తన దగ్గర పుస్తకాలు కుట్టించుకునే ముసలి వకీలు దగ్గరికి వెళ్లి, పిల్ల తరఫున తన మీద తనే దావా వేయాలని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాదీ నువ్వే, ప్రతివాదీ నువ్వే అయితే ఎలాగమ్మా? నువ్వు గెలిస్తే ఓడిందెవరు? ఒకే మనిషి రెండు వైపులా నిలబడటం కుదరదు."

పోనీ ఆ స్థలం ఊరికే వదిలేస్తానంది. అదీ అంత తేలిక కాదన్నాడాయన. ఇచ్చేదీ ఆమే, పిల్ల తరఫున పుచ్చుకునేదీ ఆమే అయితే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. ఈ ఒక్క వ్యవహారానికి పిల్ల పక్షాన మాట్లాడే మరో మనిషిని కోర్టు చేత పెట్టించుకోవాలని విడమరిచి చెప్పాడు.

చుట్టాలను అడిగి చూసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని, ఇంటి గుట్టు బయటపెట్టుకోవద్దని అందరూ బుద్ధులు చెప్పారు. చివరికి ఎదురింటికి వెళ్లి లెక్కల టీచరమ్మ తలుపు తట్టింది. మిషను చప్పుడు గురించి తగవై, వాళ్లిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు.

"నువ్వంటే నాకు పడదని తెలుసు కదా," అంది టీచరమ్మ, గుమ్మంలోనే నిలబెట్టి.

"తెలుసండీ. నేనంటే పడనివాళ్లే కావాలి. అయినవాళ్లయితే నా మొహం చూసి మెత్తబడిపోతారు."

టీచరమ్మ సంగతంతా వింది. తర్వాత లోపలికి రమ్మని కుర్చీ చూపించింది.

ఒప్పుకుని, కోర్టు పిల్ల పక్షాన నియమించాక ఆవిడ మొహమాటానికి పోలేదు. మళ్లీ కొలిపించి, మూడు కాదు మూడున్నర అడుగులని తేల్చింది. ఈవిడ అన్నీ తెలిసి ఎనిమిదేళ్లు నోరు మెదపలేదని జడ్జిగారి ముందు నిలబడి చెప్పింది. ఆ మాట నిజమే గానీ, బైండింగక్కకు ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం భోజనం దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే పిల్ల అడిగింది.

"అత్తా, మనం ఎవరి పక్కన?"

"నీ పక్కనే. టీచరమ్మా నేనూ ఇద్దరమూ నీ పక్కనే. కోర్టులో మాత్రం నన్ను అవతల నిలబెట్టారు, అంతే."

తర్వాతి వాయిదాకు జడ్జిగారు, మీరేమంటారని ఆమెను అడిగారు. తప్పు తనదేనని, తమ్ముడు బతికుండగానే ఒప్పుకోవలసిందని చెప్పింది. స్థలం పిల్లదేనని, మూడు నెలల్లో గోడ తీసేయాలని తీర్పు వచ్చింది. తనను సంరక్షకురాలిగా కూడా తీసేస్తారేమోనని ఆమె బిక్కచచ్చిపోయింది. అప్పుడు టీచరమ్మే లేచింది.

"ఈవిడని మార్చొద్దండీ. తప్పు చేసిందే. కానీ ఎవరూ అడక్కముందే తనే చెప్పుకుంది. ఈ పిల్లకి ఇంతకన్నా నమ్మకమైన మనిషి దొరకదు."

జడ్జిగారు సరేనన్నారు.

గోడ కూల్చాక మిగిలిన గదిలో మిషను పట్టలేదు. రెండు వీధుల అవతల ప్రెస్సువాళ్లకు అమ్మేసింది. ఇప్పుడు కుట్టిన కట్టలన్నీ సైకిలు మీద అక్కడికి తీసుకెళ్లి అంచులు కోయించుకొస్తుంది. ఒక రోజు పని రెండు రోజులవుతోంది. ఆలస్యమైందని వకీలు విసుక్కుంటే తల వంచుకుని వింటుంది. ఖాళీ అయిన జాగాలో పిల్ల తాడాట ఆడుతుంటే, జిగురు చేతులతోనే కిటికీలోంచి చూసి, చీకటి పడుతోంది ఇక లోపలికి రమ్మని కేకేస్తుంది.