ఆదివారం వెనకాలే వచ్చిన సైకిల్

ఇవాళ పొద్దున మంచు ఇంకా విడవకముందే మా సందులోంచి ఎవరిదో సైకిల్ పోయింది. చైనుకు నూనె లేదు. కిర్రు కిర్రుమంటూ దగ్గరికొచ్చింది, మా గేటు ముందు కాస్త నెమ్మదించింది, మళ్ళీ సాగిపోయింది. పాలవాడో పేపరువాడో అయివుంటాడు. నేను మాత్రం చేతిలో చాయ్ గ్లాసు కిందపెట్టి కిటికీ రెక్క సందులోంచి తొంగిచూశాను. డెబ్బైకి దగ్గరపడ్డదాన్ని, ఇప్పుడు నా వెంటపడేవాడెవడు? అయినా ఆ చప్పుడు చెవిన పడితే చాలు, వీపు దానంతటదే బిగుసుకుంటుంది. ఆ వెంటనే గ్రేసమ్మ సిస్టర్ గుర్తుకొస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నాది అనుమానపు పుట్టుక. పరకాల దగ్గర మా పుట్టింట్లో మా అవ్వ, ఎవరైనా చేతిలో బెల్లంముక్క పెడితే దాన్ని కూడా తిప్పి తిప్పి చూసేది. "ఊకెనే ఎవలు ఏదియ్యరు బిడ్డా" అనేది. ఆ బుద్ధితోనే పెళ్ళి చేసుకుని హన్మకొండ వచ్చాను. ఎనభైల మొదట్లో మాట ఇది. మేం అద్దెకున్న సందులో చివరి ఇల్లు గ్రేసమ్మ సిస్టర్‌ది. సర్కారు దవాఖానలో నర్సు. నలభై దాటిన మనిషి, పొడుగ్గా, గట్టిగా ఉండేది, మాట ఇంకా గట్టిది. ఇంట్లో ముసలి అత్తా, చదువుకునే ఇద్దరు పిల్లలూ. భర్తకు బొగ్గుబాయిలో పని, సెలవుకు ఇంటికొచ్చి పోతుంటాడని వినడమే తప్ప మేం ఆయన మొహం సరిగ్గా చూసింది లేదు. రెండో కాన్పు తర్వాత నాకు ఆయాసం పట్టుకుంది. నాలుగు బిందెల నీళ్ళు మోస్తే గుండె దడ, ఊరికే ఏడుపు. దవాఖానకు వెళ్తే చీటీ చూసి ఆమే నన్ను పక్కకు పిలిచింది.

"గోలీలు మింగింది చాలు గాని, శనివారం పొద్దుగాల నాతోని ఉరుకుతందుకు రా" అంది.

"ఉరుకుడా! ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు సిస్టర్?"

"చలికాలమేనాయె. ఆరు గొట్టినా చీకటే. ఆ మంచుల ఎవలకు ఎవలు కనవడరు. ఎండకాలమొస్తె బంద్ పెడుదం."

శనివారం, ఆదివారం మాత్రమే, అదీ చలికాలం మాత్రమే. ఎందుకంటే మిగతా రోజుల్లో ఆమెకు పొద్దుటి డ్యూటీ, మిగతా కాలాల్లో మాకు సిగ్గు. అప్పటికే ఇద్దరు ఆమె వెంట పోతున్నారు. ఎదురింటి లక్ష్మక్క, మాకంటే పెద్దది, నోరు తెరిస్తే సందంతా వినబడాల్సిందే. ఇంకొకామె విమల, చర్చి వెనక ఇంట్లో ఉండే కుట్టుమిషను టీచరు, పెళ్ళికానిది, అన్న చేతికింద బతుకుతోంది. నేను నాలుగోదాన్ని. మా అత్త వినగానే మూతి తిప్పింది. "గామె నిన్ను తన మతంల కలుపుకుంటది, సూస్తుండు" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. లేకపోతే ఈ నర్సుకు నా ఆయాసం గురించి ఏం పట్టింది? వెళ్ళిన ప్రతిసారీ ప్రార్థన మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కాచుకుని ఉండేదాన్ని. క్రిస్మస్ ముందు ఆదివారం ఆమె సంచిలోంచి రోజ్ కుకీలు తీసి మా అందరి చేతుల్లో పెట్టింది. ఆహా, అసలు సంగతి ఇప్పుడు బయటపడుతుందిరా అనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "మోకాళ్ళు నొస్తానయా?" అని అడిగింది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఇంకేం అడగలేదు.

మా పరుగు చూస్తే మీరు నవ్వుతారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాళ్ళకు కాన్వాసు బూట్లు, మీద మగవాళ్ళ స్వెటర్లు, తలకు మఫ్లర్లు. ధర్మసాగర్ పోయే రోడ్డు మీద ఇళ్ళు పలచబడేదాకా పోయి, అక్కణ్ణుంచి చేతులు ఊపుకుంటూ మళ్ళీ వెనక్కి. సిస్టర్ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. అందరికంటే మెల్లగా ఉరికేదాన్ని ముందు పెట్టాలి, ఎవరూ దాన్ని దాటిపోకూడదు. మొదట్లో ఆ ముందుదాన్ని నేనే. నా వెనక మూడు జతల బూట్ల చప్పుడు వినబడుతుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నా వెనక ఏముందో అని భయం లేకుండా పోయేదాన్ని. రోడ్డు పక్క ఎడ్లబండి మీద ధర్మసాగర్ వైపు నుంచి పత్తి తెచ్చేవాళ్ళు "ఏందమ్మా, ఇల్లు గిట్ల అంటుకున్నదా?" అని అడిగితే, లక్ష్మక్క "ఔను, నీ ఇల్లే!" అని అరిచేది. నవ్వు ఆపుకోలేక ఆగిపోయేవాళ్ళం. నా ఆయాసం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం ఆ సైకిల్ వచ్చింది. చాలా వెనక, మంచులో, కిర్రు కిర్రుమంటూ. మేం ఆగితే అదీ ఆగింది. మేం కదిలితే అదీ కదిలింది. మనిషికి మంకీ టోపీ, ఒంటినిండా దుప్పటి. శనివారం రాలేదు. మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆ పై ఆదివారమూ అంతే. చీకట్లో ఆడవాళ్ళ వెనక ఒక మగవాడు సైకిలేసుకుని వస్తుంటే నలుగురిలో ఒక్కరైనా "ఎవడ్రా నువ్వు" అనాలి కదా? ఒక్కరూ అనలేదు. గలగలమనే లక్ష్మక్క కూడా నోట్లో నాలుక లేనట్టు ఊరుకుంది. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఎందుకంటే నేనెందుకు నోరు మూసుకున్నానో నాకు తెలుసు. మా ఆయన కరెంటాఫీసులో పని చేసేవాడు. అక్కడి అటెండరుకు సైకిలుంది, ఆదివారం సెలవూ ఉంది. నన్ను కనిపెట్టి రమ్మని వాణ్ణి పంపుతున్నాడని నాకు రూఢి అయిపోయింది. నా మొగుడు నన్ను నమ్మడం లేదని ఈ ముగ్గురికీ ఎలా చెప్పుకోను? పరువు పోదూ? నేను అరిచి, ఆ టోపీ కింద మా అటెండరు మొహం బయటపడితే? అందుకని వినబడనట్టే ఉరికేదాన్ని.

ఇంట్లో మాత్రం కుతకుత ఉడికిపోయాను. ఆయన చొక్కా ఇస్త్రీ మానేశాను. పిల్లవాడితో "మీ నాయనకు చెప్పు, అన్నం పెట్టిన" అని కబురంపేదాన్ని, ఆయన ఎదురుగా కూర్చునుండగానే. ఈసారి చలికాలం అయ్యేలోగా నా పరుగు ఆగిపోతుంది, తర్వాత గుడికి పోవడం, పుట్టింటికి పోవడం అన్నీ ఆగిపోతాయి అని మనసులో ఒకటే లెక్కలు. ఒక శనివారం సిస్టర్ నా పక్కనే ఉరుకుతూ, "ఏందే సరోజా, అడుగు తడవడుతాంది. కడుపుల ఏం పెట్టుకున్నవ్?" అంది. మిగతావాళ్ళు ముందుకు పోయాక చెప్పేశాను. ఆ సైకిల్ మా ఇంటిదే సిస్టర్ అన్నాను. ఏడుపొచ్చింది.

ఆమె మఫ్లరు బిగించుకుంటూ మరో నాలుగడుగులు వేసింది. తర్వాత, "అడిగినవా ఆయనను?" అంది.

"అడుగుడెట్ల? నిజమంటే నేనేం గావాలె?"

"అడుగు. ఇయ్యాల్నే అడుగు. అడిగినంక ఏమైతదో వచ్చి నాకు జెప్పు" అంది. ఆ చివరి మాట ఎందుకో కాస్త వేగిరంగా అంది.

ఇంటికెళ్ళి బూట్లు విప్పకుండానే అడిగాను. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. "ఆదివారం సైకిల్ మీద నా ఎనుక ఎవలను పంపుతానవ్?" అన్నాను. ఆయన బ్లేడు ఆపి, సగం నురుగు మొహంతో నావైపు తిరిగాడు. నా మాట అర్థం కావడానికే ఆయనకు కాస్త టైం పట్టింది. "నేనెవల్ని పంపలే" అన్నాడు. తర్వాత తల దించుకుని, "పంపుదామని మాత్రం ఒకసారి అనుకున్న. మళ్ల నాకే సిగ్గనిపిచ్చింది" అన్నాడు. వట్టి కాదంటే నమ్మేదాన్ని కాదేమో. ఆ రెండో మాటతో నమ్మాను. కోపమొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ఏడుపైంది. ఆయన నురుగు మొహంతోనే నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు ఆఫీసుకు ఇస్త్రీ చొక్కా వేసుకుపోయాడు.

మర్నాడు ఆదివారం. పరుగు మొదలుపెట్టకముందే సంతోషం పట్టలేక అందరి ముందూ చెప్పేశాను, "ఆ సైకిల్ మా ఆయన పంపింది కాదు!" అని. లక్ష్మక్క నోరెళ్ళబెట్టింది. "ఓసి నీ! నేను మా అత్త తమ్ముడనుకున్ననే! ఇంటి ఇజ్జత్ పోతదని ఇన్ని వారాలు పండ్లు బిగవట్టిన!" అంది. విమల నెమ్మదిగా, తన అన్నే అనుకున్నానని చెప్పింది. అంటే ప్రతి ఒక్కతీ ఆ వచ్చేది తన ఇంటి మనిషే అనుకుని, మిగతావాళ్ళకు తెలియకూడదని మూసిపెట్టుకుంది. సిస్టర్ వంగి బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు సైకిల్ మా వెనక ఎప్పట్లాగే వచ్చింది, మేం గప్‌చుప్‌గా తిరిగొచ్చాం. ఆ వారంలో వాళ్ళిద్దరూ కూడా ఇళ్ళలో అడిగారు. లక్ష్మక్క అత్త తమ్ముడు కీళ్ళనొప్పులతో మంచంలో ఉన్నాడట. విమల అన్న "నాకేం పనిలేదా" అని కసిరి, కాసేపయ్యాక "జర జాగర్త" అన్నాడట.

ఇక పై ఆదివారం. ఇళ్ళు దాటి పొలాల దగ్గరికొచ్చేసరికి వెనక కిర్రు కిర్రు మొదలైంది. లక్ష్మక్క ఆగిపోయింది. "మన మూడిండ్లోడు కాదంటె, వీడు దొంగనే. మెడల గొలుసుల కోసం వస్తాండు. పట్టుండ్రే రాళ్ళు!" అని రోడ్డు పక్క కంకరకుప్ప మీద చెయ్యి వేసింది. విమల ఒకటి తీసుకుంది. నేను రెండు తీసుకున్నాను. భయం పోయి ఒంట్లోకి ఎక్కడలేని కసి వచ్చింది. ఇన్ని వారాలు నా కాపురంలో నిప్పులు పోసినవాడు దొరికాడన్న కసి. మంచులోంచి సైకిల్ ముందు చక్రం కనబడింది. లక్ష్మక్క చెయ్యెత్తింది.

"రాయి కిందేయ్ లక్ష్మక్కా" అంది గ్రేసమ్మ సిస్టర్. "ఆయన మా ఇంటాయన."

మా చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. దవాఖానలో డాక్టర్లనే ఎదిరించి మాట్లాడే మనిషి. మా అందరికీ గుండెధైర్యం పంచిన మనిషి. ఆమె మొహం ఆ క్షణంలో పాలిపోయి ఎవరిదో అయిపోయింది. తర్వాత ఒక్కతే సైకిల్ దగ్గరికి నడిచి వెళ్ళింది. మంచులో ఇద్దరూ నీడల్లాగే కనబడ్డారు గానీ మాటలు వినబడ్డాయి.

"శనివారం బాయి నుంచి వస్తవ్, ఆదివారం నా ఎనుక తిరుగుతవ్. ఏం జూసినవో చెప్పు."

ఆయన ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు. ఆళ్ళు కూడ విననియ్యి. నీ అనుమానం వల్ల ఆ ముగ్గురు వాళ్ళ ఇండ్లల్ల కొట్లాడిండ్రు."

ఆయన సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. కిర్రుమనే చప్పుడు దూరమై ఆగిపోయింది. సిస్టర్ తిరిగొచ్చి, "పదండ్రి, చలి పడుతాంది" అంది. మేం ఉరికాం. ఆ రోజు అందరికంటే మెల్లగా ఉరికింది ఆమే. కట్టుబాటు ప్రకారం ఆమెను ముందు పెట్టి మేం వెనక వెళ్ళాం.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. సోమవారం దవాఖానకు వెళ్ళి, మందుల గది ముందు నిలబెట్టి అడిగాను. "మొదటి దినం నుంచే మీకు ఎరికె గదా? ఆ సప్పుడు మీ సైకిల్‌దని ఆనవాలు పట్టలేదా? మరి నేనేడిస్తె, మీ ఆయనను అడుగు అని నన్నెందుకు పంపినరు?"

ఆమె చేతిలో ఉన్న ట్రే పక్కన పెట్టింది. నర్సుల తెల్లచీర, నెత్తిమీద టోపీ, ఎప్పటిలాగే అంతా సక్రమంగా ఉంది. "ఎరికే" అంది. "పద్దెనిమిదేండ్ల సంది ఎరికే. నైట్ డ్యూటీకి పోయినా గట్లనే వచ్చెటోడు. అడుగుతందుకు నాకు దమ్ము లేకుండె సరోజా. నువ్వు అడిగి బతికి బయటికొస్తవా లేదా చూద్దామని పంపిన."

ఆ మాటకు నేను ఆమెను తిట్టి ఉండాల్సింది. నన్ను ముందు తోసి లోతు చూసుకుందన్నమాట. మా అవ్వ చెప్పినట్టు ఊకెనే ఏదీ ఇవ్వలేదు. కానీ మనిషి ఇంత విప్పి చెప్పాక ఏం తిడతాను? ఆమె చెయ్యి పట్టుకుని ఆ గది ముందే నిలబడ్డాను. రోగులు పక్కనుంచి పోతున్నారు.

ఆ శనివారం ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది. అడగడం అలవాటైనవాళ్ళం కదా, ముగ్గురం ఒకేసారి అడిగాం, ఇంట్లో ఏమైందని. "మాట్లాడతలేడు. ఈ వారం ఇంటికి రానని కబురు చేసిండు" అంది. కొంతదూరం ఉరికాక, "నాకు మాత్రం మంచిగ నిద్ర పట్టింది" అంది. రెండు వారాలకు ఆయన వచ్చాడు. తర్వాత వాళ్ళింట్లో ఎలా ఉన్నారో నాకు పూర్తిగా తెలియదు. ఆయన మారాడని ఆమె ఎన్నడూ చెప్పలేదు, నేనూ అలా రాయను. నాకు మాత్రం అనుమానం వచ్చినరోజే అడిగేయడం అలవాటైపోయింది, మా ఆయన దానికి జడిసేవాడు కూడా.

ఆ చలికాలం ఇంకా కొన్ని ఆదివారాలు మిగిలున్నాయి. ఉరుకుతుండగా ఏ చిన్న చప్పుడైనా సిస్టర్ మెడ బిగుసుకునేది. తల సగం తిరిగి ఆగిపోయేది. అప్పుడు ఒకరోజు లక్ష్మక్క, ఎవరూ చెప్పకుండానే, "నువ్వు ముంగట జూసి ఉరుకు సిస్టర్, ఎనుక నేను జూస్త" అంది. ఆ తర్వాత వారం విమల చూసింది. ఆ పై వారం నా వంతు. మంచులోకి చూసి, "ఎవలు లేరు సిస్టర్" అని గట్టిగా చెప్పేదాన్ని. ఆమె అడుగు తేలికయ్యేది.