ఎర్ర చుక్కల రోజులు

మాస్కు లేకుండా గడప దాటని ఆ రోజుల్లో అందరూ ఏదో ఒక కొత్త విద్య నేర్చుకున్నారట. నేను వంట ఎగ్గొట్టడం నేర్చుకున్నాను. ఐర్లండ్‌లో, డ్రోహెడాలో ఒక ఇంట్లో పై గదిలో గుంటూరు డాక్టరక్క, కింది గదిలో నేను అద్దెకుండేవాళ్లం. ఆవిడది ఊళ్లోని ఆసుపత్రి. నా ఆఫీసు సరిహద్దు అవతల, ఉత్తర ఐర్లండ్‌లో (దారిలో గేటైనా ఉండదు, కానీ దేశం వేరు). కొన్ని రోజులు అక్కడికి వెళ్లేవాణ్ణి, మిగతా రోజులు ఇంట్లోంచే పని. వంట ఒకరోజు ఆవిడ, ఒకరోజు నేను. ఆ వంతుల క్యాలెండరు వంటింటి ప్రెస్సు తలుపుకి (ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు) అంటించి ఉండేది. అందులో అక్కడక్కడా కనిపించే ఎర్ర చుక్కలు ఆవిడ డ్యూటీ గుర్తులనుకునేవాణ్ణి.

నా వంతు రాగానే, "సర్వర్ మొరాయించిందక్కా, నార్త్‌కి వెళ్లక తప్పదు" అనేవాణ్ణి. "జాగ్రత్తగా వెళ్లిరా తమ్ముడూ" అనేది పాపం. నేను వెళ్లేది నది ఒడ్డున కార్ పార్కుకి (లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్నారు, చట్టాన్ని మాత్రం మీరలేదు). ఒళ్లో లాప్‌టాప్, కాళ్ల మీద దుప్పటి, చల్లారిన శాండ్‌విచ్. సాయంత్రం అలసిన మొహం పెట్టుకుని ఇల్లు చేరితే వేడివేడిగా పప్పుచారు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి ఆవిడ వండింది. అరగంట వంట తప్పించుకోవడానికి ఎనిమిది గంటలు కార్లో వణికి, నేనే తెలివైనవాణ్ణనుకునేవాణ్ణి.

ఏడాది తిరిగాక పన్నుల కాగితాలొచ్చాయి. అకౌంటెంట్ ఫోన్లో తేల్చేశాడు: ఏ రోజు ఏ దేశంలో కూర్చుని పనిచేశానో జాబితా రాసి సంతకం పెట్టాలి, ఆధారం ఉండాలి, అంతే, గ్రాండ్ (ఇక్కడ ప్రతిదానికీ 'అంతా బాగే' అన్నట్టు వాడే మాట). నాకున్న ఆధారం ఆ క్యాలెండరొక్కటే. అందులో నా గళ్లలో నా చేత్తోనే "నార్త్" అని రాసుకున్నాను. ఏది నిజమో, ఏది వంట ఎగ్గొట్టిందో నాకే గుర్తులేదు. అలాగే పంపితే రెండు ప్రభుత్వాలకీ అబద్ధం చెప్పినట్టు. రెండు రోజులు దాని ముందు గడ్డం పట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు "సంగతేంటి?" అని అక్క అడిగింది. చెప్పేశాను. ఆవిడ వండింది తిన్న నోటితో ఆ మాట చెప్పాల్సొచ్చినందుకు తల ఎత్తలేకపోయాను.

"ఎర్ర చుక్కున్నయ్యి దొంగ రోజులు, లేనియ్యి నిజంగా పోయినయ్యి. రాసుకో" అంది అక్క. "నేను ఆసుపత్రికి పోయేది నీ కార్ పార్కు పక్కనుంచే కదయ్యా."

"మరి ఒక్కసారీ అడగలేదేంటక్కా?"

"వార్డులో రోజూ మనుషులు పోతా ఉంటే ఇంటికొచ్చి నీతో ఏం గొడవ పడను? వంట చేస్తున్నంతసేపు ఆ మొహాలు గుర్తొచ్చేయి కావు." క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కేసి, "అట్లాగని వదిలేస్తాననుకోమాక. పంతొమ్మిది చుక్కలు. పంతొమ్మిది పూటలు నువ్వే వండాల" అంది.

పన్ను రెండు ప్రభుత్వాలకీ సక్రమంగా కట్టాను, ఎవరూ కిక్కురుమనలేదు. పద్దెనిమిది పూటలు వండేసరికి అక్కకి లిమరిక్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే, "ఇంకో పూట బాకీ తమ్ముడూ" అంటుంది. ఏటా ఒకసారి వెళ్తాను. ఇప్పుడు వంట బాగానే వచ్చు, కానీ ఆ చివరి పూట తీర్చడం నాకిష్టం లేదు. అందుకని ప్రతిసారీ దారిలో బిర్యానీ కట్టించుకుని వెళ్తాను.