అల్యూమినియం మరలకు ముత్తయిదువ చెయ్యి

మా ఆయన చనిపోయిన ఏడాదే నాచారంలో ఒక పంపుల షెడ్డులో పనికి కుదిరాను. ఉప్పల్ నుంచి నడిచే పోయేదాన్ని. అల్యూమినియంతో పోతపోసిన పంపు గుల్లలు వచ్చేవి. వాటి రంధ్రాల్లో ట్యాప్ అనే ఉక్కు పనిముట్టు తిప్పి, బోల్టు పట్టేలా మరలు కోయడం నా పని. ఒక చుక్క కిరోసిన్ వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. నాకు చదువు లేదు. అయినా అది ఎంత మెత్తని లోహమో చేతికి తెలిసిపోయేది.

ఫిట్టరుకే తెలిసేది కాదు. అతను ఇనుప పంపులు బిగించి పేరు తెచ్చుకున్న మొనగాడు. పానాకు ఇంత పొడుగు గొట్టం తొడిగి, బోల్టు కుయ్యోమనేదాకా బిగిస్తే గానీ అన్నం సయించేది కాదు. ఒక వారం మూడు గుల్లల్లో మరలు తెగి, ఉంగరాలు తిరిగిన తీగలా బోల్టుతో పాటే ఊడొచ్చాయి.

షెడ్డు సేటూ, ఫిట్టరూ గొట్టం వైపు చూడలేదు. బోల్టు వైపూ చూడలేదు. నా నుదుటి వైపు చూశారు.

"బొట్టు లేని చెయ్యి సేటూ. ఆమెతోని మర కోపిస్తే గిట్లనే అయితది," అన్నాడు ఫిట్టరు.

సేటు నన్ను పిలిచాడు. "రేపు ముత్తయిదువతోని కోపిస్త. ఆ మరలు ఊడకుండ ఆగితే సోమవారం నుంచి నువ్వు రాకమ్మా. ఏమనుకోకు."

అనుకోక ఏం చేస్తాను? నాకున్నది ఆ కూలి ఒక్కటే.

మర్నాడు డబ్బాలు కట్టే ఆమెను తెచ్చి నిలబెట్టారు. ట్యాప్‌కు పసుపు రాశారు. పాపం, అది ఆమె ఎన్నడూ పట్టి ఎరగదు.

"ఎటు తిప్పాలె అక్కా?"

"కుడికి చెల్లె. జర నిటారుగ పట్టు."

నా పని ఊడగొట్టే విద్య నేనే నేర్పాను. ఆమె కోసింది. ఫిట్టరు కర్పూరం వెలిగించి, గొట్టం తొడిగి బిగించాడు. ముత్తయిదువ మరలు నావాటికన్నా ముందే ఊడొచ్చాయి.

"ముహూర్తం మంచిగ లేదేమో," అన్నాడు ఫిట్టరు.

ఇక నాకు ఒళ్లు మండింది. "ముహూర్తం తర్వాత సూద్దురు గాని, బోల్టు సూడు సేటూ! పంపు మూత దాటినంక గుల్లల నాలుగు చుట్లే పడుతున్నది. ఇనుప పంపులకు మిగిలిన పొట్టి బోల్టులు దీనికి ఏస్తున్రు. ఇనుమైతే ఆగుతది, ఇది ఆగుతదా? రంధ్రం ఇంకా లోతుంది. అడుగుదాకా మర కోస్త, పొడుగు బోల్టు ఏపియ్యి. ఆ గొట్టం తీస్కపోయి ఇంట్ల పందిరికి పెట్టుకోమను!"

కోశాను. గొట్టం లేకుండా పానాతోనే బిగించారు. నీళ్లు వదిలితే చుక్క కారలేదు.

సేటు గడ్డం గోక్కున్నాడు. "నీ పని నీదేనమ్మా. కాని మొదటి చుట్టు ఆమెతోనే తిప్పిస్త. దోషం ఎందుకు?"

అప్పటినుంచి ప్రతి గుల్లకూ ఆమె వచ్చి ట్యాప్ పెట్టి ఒక్క చుట్టు తిప్పేది. "నాదైంది, మిగిలినయి నువ్వు తిప్పుకో అక్కా," అని నవ్వుకుంటూ చాయ్‌కి పోయేది. సేటు ఆ ఒక్క చుట్టుకే దండం పెట్టుకునేవాడు.