సిమెంటు బస్తాల పరీక్ష

జాన్ సాహెబుకి మెత్తగా ఉండేది ఏదీ గిట్టదు. పరుపు మీద పడుకునేవాణ్ణి రోగుల్లో జమకడతాడు. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కనున్న అతని రేకుల షెడ్డుకి బోర్డు లేదు. బోర్డు పెట్టుకునేవాడికి పని రాదని అతని అభిప్రాయం. గుంటూరులో చల్లటి గదిలో కూర్చుని, కంప్యూటరు చూసి బండి బాగుచేసే మెకానిక్కుల పేరెత్తితే చాలు, కాలి దగ్గరున్న ఖాళీ డబ్బాని ఒక తన్ను తన్నేవాడు. అదే వాళ్ల మీద అతను వెలిబుచ్చే అభిప్రాయం.

మీసాలు మొలవకముందే అతను దాచేపల్లిలో సున్నపురాయి లారీల కింద దూరాడు. క్వారీ నుంచి ఫ్యాక్టరీకి రాయి మోసే ఆ లారీలు కాగితాల మీదున్న బరువుతో ఏనాడూ నడిచిన పాపాన పోలేదు. లారీ బరువు మోసే కమాను పట్టీలు విరిగేవి. వాటిని విప్పి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి వంపు తెచ్చి మళ్లీ బిగించేవాళ్లు. బిగించేటప్పుడు ఎవరూ అడక్కుండానే ఒక పట్టీ ఎక్కువ వెయ్యడం అక్కడి పద్ధతి. జాన్ సాహెబు చదువంతా అదే. విరిగిన చోట ఇనుము కలపాలి, కుంగిన చోట ఇంకాస్త కలపాలి. ఆ చదువుతోనే పేటకొచ్చి షెడ్డు పెట్టి ట్రాక్టరు ట్రక్కులకీ, పాల వ్యాన్లకీ, ఆటోలకీ అన్నిటికీ ఒకటే వైద్యం చేశాడు. కొడుకు జహీర్ పెళ్లికి కానుకగా అతని సరుకుల ఆటోకి కూడా ఓ పట్టీ ఎక్కువ వేశాడు. మాచర్ల నుంచి ఆ ఆటోలోనే అత్తారింటికొచ్చిన కోడలు షాహిస్తా చాలా రోజులు వంగి చీపురు పట్టలేకపోయింది. నడుం గట్టిపడుతుందని మామగారు ఆమెకి ధైర్యం చెప్పాడు.

ఆ షెడ్డు నుంచి ఏ బండి బయటికి పోవాలన్నా రెండు తంతులు జరగాలి. మొదటిది బస్తాల పరీక్ష. కాలవ వంతెన దగ్గరి సిమెంటు కొట్టు నుంచి బస్తాలు అరువు తెచ్చి, బండి వెనక భాగాన పేర్చి, రైలు గేటు మీదుగా దడదడలాడిస్తూ దాటించాలి. వెనక భాగం కుంగకపోతే బండి పాసయినట్టు. రెండోది మొదటి సవారీ. యజమాని ఎక్కకముందే జాన్ సాహెబు ఇంటి మనిషి ఒకరు పక్క సీట్లో కూర్చుని మల్లమ్మ సెంటరు దాకా వెళ్లి రావాలి. ఒకప్పుడు భార్య జరీనా కూర్చునేది. ఆమె మోకాళ్లు మొరాయించాక ఆ సీటు జహీర్ కూతురు ఆఫ్రీన్‌కి వచ్చింది. నిన్నగాక మొన్న పలకా బలపం పట్టిన పిల్ల. బజారు జనానికి అదే గ్యారంటీ. పాప ఎక్కిందా అని అడిగేవాళ్లు. ఎక్కిందంటే ఇంక మాట్లాడేవాళ్లు కాదు.

షాహిస్తాకి మాత్రం ఆ తంతు చూస్తే ఒళ్లు మండేది. పిల్ల ఎక్కిన ప్రతిసారీ చున్నీ కొస వేళ్లకి చుట్టుకుంటూ, బండి తిరిగొచ్చేదాకా గుమ్మం వదిలేది కాదు. ఒకసారి ధైర్యం చేసి, పని మీద అంత నమ్మకముంటే పిల్లెందుకని అడిగింది. నమ్మకముంది కాబట్టే పిల్ల అని అతను కసురుకున్నాడు.

ఇలా ఉండగా త్రికోటేశ్వరరావు కారు వచ్చింది. ఆయన క్రోసూరు దగ్గరి ఒక ఊరికి ఒకప్పటి సర్పంచి. పదవి పోయి ఎన్నేళ్లయినా ప్రెసిడెంటు గారూ అని పిలవకపోతే పలకడు. మిర్చి కోల్డ్ స్టోరేజీ మీద వచ్చిన డబ్బు ఏంచెయ్యాలో తోచక, బెంగళూరులో ఎవరో పాత కార్ల పిచ్చివాడి దగ్గర ఈ పరదేశీ కారు కొని లారీ మీద కట్టించి తెచ్చాడు. ఎర్రది, టాపు లేదు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. నలుగురు పట్టుకుంటే గాల్లోకి లేస్తుంది. మనవరాలు శ్రీదివ్యకి ఓణీల ఫంక్షను పెట్టుకున్నాడు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ కారు తనే నడుపుతూ ఊరేగాలని ఆయన కోరిక. అయితే కారు వెనక ఎడమ పక్కకి కుంగి, చక్రం లోపలికి ఒరిగి, కాలు విరిగిన మేకలా ఉంది.

జాన్ సాహెబు దాని చుట్టూ తిరిగి వేలి కణుపుతో తట్టాడు. డబడబమంది.

"ప్రెసిడెంటు గారూ, ఇది కారా, నీళ్ల ట్యాంకు మూతా?"

"నవ్వమాక సాయిబూ. పల్నాడు మొత్తానికి ఇట్టాంటిది ఇదొక్కటే."

"ఇంకెవరూ కొనలేదంటేనే తెలుస్తా ఉందిగా."

కిందకి దూరి చూస్తే అసలు కమాన్లే లేవు. ఒక్కో చక్రానికి ఒక సన్నటి చుట్టల స్ప్రింగు, దాని నడుమ షాకబ్జరు, చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి గొట్టం, ఆ గొట్టం చివర కుదుపు మింగే రబ్బరు బుష్షులు. రబ్బరు ఎండి పిండైపోయింది. ఎడమ స్ప్రింగు ఏళ్ల తరబడి నలిగి పొట్టిదైపోయింది. పాతవి తీసి అలాంటివే కొత్తవి వేస్తే అయిపోయే పని. కానీ స్ప్రింగు చేతిలోకి తీసుకున్న జాన్ సాహెబుకి నవ్వాగలేదు. పిల్లల పెన్నుల్లో ఇంతకంటే మంచివి ఉంటాయన్నాడు. సరుకుల ఆటోల ముందు చక్రం స్ప్రింగులు తెచ్చి కొలతకి కోశాడు. రబ్బరు పారేసి లేతు మీద ఇనప బుష్షులు తిప్పించాడు. గొట్టానికి మందపాటి పలక వెల్డింగు చేశాడు. ప్రెసిడెంటు కూడా తన బొజ్జ నిమురుకుంటూ, నా ఒళ్లు చూశావుగా, గట్టిగా వెయ్యమని ఎగదోశాడు. ఈ విషయంలో మాత్రం ఇద్దరికీ గొప్ప పొత్తు కుదిరింది.

ఫంక్షనుకి ముందురోజు పొద్దున బస్తాల పరీక్ష జరిగింది. పక్క సీట్లో, వెనక డిక్కీలో బస్తాలు కుక్కి జాన్ సాహెబు రైలు గేటు దాటించాడు. కారు ఇటుకలా కదలకుండా దాటింది. బజారంతా చూసింది. అతను మీసం తుడుచుకుని, బస్తాలు దించడానికి సిమెంటు కొట్టుకి పోయాడు. దించి, ఒక్కడే వెనక్కి బయల్దేరాడు.

మొదటి స్పీడు బ్రేకరు దగ్గర కారు వెనక భాగం ఎగిరింది. కిందపడి, ఊరుకోక ఇంకోసారి ఎగిరింది. జాన్ సాహెబు దాన్ని బూతులు తిట్టాడు. కాలవ కట్ట మలుపు దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు ఇటు తిప్పితే కారు తోక అటు పోయింది. నీళ్ల వైపు జారి, గిర్రున తిరిగి, మజ్జిగ బండి ముందు అడ్డంగా ఆగింది. మజ్జిగ అమ్మే ఆరోగ్యమ్మది ఎండలకి పేరుపడ్డ రెంటచింతల. ఎండకే భయపడని మనిషి, దీనికేం భయపడుతుంది. గరిటె కూడా కింద పెట్టలేదు.

"సాయిబన్నా, బండిని నువ్వు తోలుతున్నావా, అది నిన్ను తోలుతుందా?"

రోడ్డు మీద కంకరుందని అతను ఆమె మీదే ఎగిరాడు. కంకరేనని చూపించడానికి కారు వెనక్కి తీసుకెళ్లి, కంకర లేని పక్క నుంచి మళ్లీ అదే మలుపు తిరిగాడు. తోక మళ్లీ అలాగే జారింది. ఆరోగ్యమ్మ ఈసారి గ్లాసుడు మజ్జిగ పోసి అతని వైపు చాపింది. అది ఇంకా అవమానంగా తోచింది.

కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాక దీన్ని రోడ్డుకి అదిమిపట్టింది తన స్ప్రింగులు కాదు, బస్తాలు. కారుకి సొంత బరువు లేదు. ఈ స్ప్రింగులు వంగడానికి ఆ బరువు చాలదు. వంగకపోతే చక్రం రోడ్డుని పట్టుకోకుండా ఎగురుతుంది. ఇంత చిన్న సంగతి అతనికి ఈ వయసుదాకా తెలియలేదు. ఎందుకంటే ఖాళీ బండి అతని దృష్టిలో బండే కాదు. పని చెయ్యని బండి ఎలా నడిచిందో ఎవరు చూస్తారు?

షెడ్డు దగ్గర ప్రెసిడెంటు తెల్లచొక్కా మనుషులతో కుర్చీలేసుకుని కూర్చున్నాడు. ఎవరో బంతిపూల దండ కూడా తెచ్చారు. కారు ఆగగానే ఆఫ్రీన్ అలవాటుగా పరిగెత్తుకొచ్చి పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. పిల్ల కాళ్లు నేలకి అందలేదు. సీటుకి బెల్టు లేదు. గుమ్మంలో షాహిస్తా చున్నీ కొస చేతిలోకి తీసుకుంది.

మెల్లగా పోతే ఏమీ కాదని జాన్ సాహెబుకి తెలుసు. మల్లమ్మ సెంటరు దాకా మనిషి నడకలో పోయి రావచ్చు. ఎవడికీ తెలియదు, పేరు నిలుస్తుంది. కానీ ఆ తర్వాత ప్రెసిడెంటు మెల్లగా పోడు. నలుగురు చూస్తుంటే మెల్లగా పోవడం ఆయన జాతకంలోనే లేదు. కాలవ కట్ట మీద, పక్కన పట్టులంగా కట్టుకున్న పిల్లతో.

"దిగమ్మా," అన్నాడు.

"నేనేం ముట్టుకోలా తాతా," అంది ఆఫ్రీన్.

"నువ్వు కాదులే. దిగు."

పిల్ల దిగింది. బజారు జనం ముందుకి జరిగారు. అక్కడ పాప ఎక్కి, కదలకముందే దిగిన బండి ఇదే మొదటిది.

"ఏంది సాయిబూ, పాపకి జొరమా?" అన్నాడు ప్రెసిడెంటు.

"పాపకేం కాలా. బండికే. ఇనుము ఎక్కువైంది."

"బస్తాలేస్తే కుంగలేదుగా. అందరం చూశాం."

"రేపు మీ మనవరాలి మీద బస్తాలెయ్యరుగా ప్రెసిడెంటు గారూ. తాళం ఇయ్యను."

ఇంక మొదలైంది. గుంటూరు పంపమని అందరూ మొత్తుకున్నా లారీల సాయిబు చేతిలో పెట్టాను, నన్ననాలి అని ప్రెసిడెంటు తల కొట్టుకున్నాడు. ఆయన మనుషులు నవ్వారు. ఇన్నాళ్లూ జాన్ సాహెబు నోటికి దడిసి పక్కకి తప్పుకున్న ఒక పాల వ్యాను డ్రైవరు, మా బండి ఖాళీగా పోయేటప్పుడు డబ్బాలు ఎగిరేది ఇందుకేనా అని నిలబెట్టి అడిగాడు. మామూలుగా అయితే ఆ డ్రైవరు ఇంటికెళ్లేదాకా చెవులు మూసుకోవాల్సిన మాట జాన్ సాహెబు నోట వచ్చేది.

ఇవాళ జాన్ సాహెబు అట్టముక్క పరుచుకుని, అందరూ చూస్తుండగా కారు కిందకి దూరాడు. తను బిగించింది తనే విప్పడం అతనికి ఇదే మొదలు. జహీర్ జాకీ ఎత్తాడు.

"రేపటికి అవుద్దా?" ప్రెసిడెంటు గొంతులో పొగరు తగ్గింది.

"అవదు. ట్రాక్టరు మీద ఊరేగించుకోండి. ఏం, పిల్ల అరిగిపోద్దా?"

తెల్లచొక్కాలు ఫోన్లు తీసి ట్రాక్టరు కోసం మాట్లాడుకుంటూ లేచి వెళ్లాయి. షాహిస్తా గుమ్మం దిగి వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని కారు పక్కన నిలబడింది. కింద నుంచి మామగారి కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"ఇనుము ఎక్కువైంది ఈ బండికేనా మామా, అన్నిటికీనా?"

బోల్టు ఒకటి ఊడి నేల మీద దొర్లింది.

"అన్నిటికీ," అన్నాడు జాన్ సాహెబు కింద నుంచి. వెంటనే తప్పంతా ఆమెదే అయినట్టు గొంతు పెంచాడు. "ఇంకా ఏం చూస్తా నిలబడ్డావే, పిల్లని ఎండలో పెట్టుకుని? లోపలికి తీసకపో."

షాహిస్తా తీసుకెళ్లింది.