పుర్రచేత్తో కట్టిన ట్యాంకు

మీ ఇంట్లో సబ్బు ఉందా? ఉంటే, పిల్లల ఎడమచేతి మీద ఇంకా ఆ కోపం ఎందుకు?

ఈ ప్రశ్న నేను చాలా సభల్లో అడిగాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఇంటికి వెళ్లి పిల్లల ఎడమచేతి మీద ఒక్కటి వేశారు. సభలో గెలిచిన వాదం గడప దాటి లోపలికి రాదు. మా గడప కూడా అలాంటిదేనని మొన్నటి వేసవిలో తెలిసింది. ఆ వేసవి గురించి చెప్పాలంటే ఒక ట్యాంకు గురించి చెప్పాలి. అవును, యుద్ధ ట్యాంకే. కాకపోతే జానెడు పొడవుది.

మా చెల్లెలు ఇచ్చోడలో ఉంటుంది. ఆమె కూతురు, తొమ్మిదేళ్ల నా మేనకోడలు, సెలవులకు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. పిల్లతో పాటు ఫోన్లో ఒక ఆర్డరు కూడా వచ్చింది, మా అవ్వకు, అంటే మా అమ్మకు.

"బడి తెరిచేసరికి దానికి కుడిచేత్తో రాసుడు, తినుడు నేర్పియ్యాలె అవ్వా. ఇక్కడ నాతోని అయితలేదు."

మా అవ్వ సంతోషంగా ఒప్పుకుంది. బీడీలు చుట్టి మమ్మల్ని పెంచిన మనిషి. పట్టిన పని సగంలో వదిలే రకం కాదు. అన్నం తినే వేళకు పాత చీర పేలిక ఒకటి పిల్ల ఎడమ మణికట్టుకు చుట్టి, దాని కొసను పిల్ల తొడ కింద దోపేది. కొట్టలేదు, తిట్టలేదు. "బంగారుతల్లీ, గీ చేత్తోని తిను" అని బుజ్జగించేది. అందుకే నాకు ఒళ్లు మండేది. తిట్టేవాళ్లతో వాదించవచ్చు. బుజ్జగించేవాళ్లతో ఎలా?

పిల్లకు పొద్దుపోవడం లేదని ఒకరోజు ఫోనులో బొమ్మల కిట్లు చూపించాను. ముక్కలు ముక్కలుగా వస్తాయి, మనమే అతికించుకోవాలి. ఓడ చూపించాను. విమానం చూపించాను. ఆమె వేలు ట్యాంకు మీద ఆగింది. యుద్ధాలకు వ్యతిరేకంగా వేదికలెక్కి గొంతు చించుకున్నవాడిని నేను.

"ట్యాంకు ఎందుకే కోడలా? గది మనుషులను సంపే బండి."

"గీ బండికి రోడ్డు అక్కర్లేదు మామా. చైను ఏస్కుంట పోతది. దాని రోడ్డు అదే ఏస్కుంటది."

డబ్బా తెప్పించాను.

అది విప్పిన పొద్దు ఎలా చెప్పను! చట్రాలకు అంటుకుని, చెట్టుకు కాయల్లా, వందల ముక్కలు. కందిగింజంత దీపాలు, బియ్యపు గింజంత కొక్కేలు, చక్రాలే చక్రాలు. చిన్నచిన్న సిపాయిలు, వాళ్లకు తలలు వేరు, చేతులు వేరు. చెయ్యాల్సిన వరస అంతా బొమ్మల్లో గీసి ఉంది. ఇలాంటి పని నేనూ ఎన్నడూ చేయలేదు. అసలు వస్తువులో ముప్పై అయిదో వంతు అని డబ్బా మీద ఉంటే, దాని అర్థం పిల్లకు చెప్పాను. ఆమె వెంటనే వంటింట్లోకి పోయి అవ్వను ఎగాదిగా చూసి వచ్చింది.

"గీ లెక్కల అమ్మమ్మ నా బొటనవేలంత ఉంటది!"

"ఎవలే బొటనవేలు?" లోపలి నుంచి అవ్వ గొంతు.

పని మొదలైంది. చట్రం నుంచి ముక్కలు విడదీయడానికి గోళ్లు కత్తిరించే కట్టర్ ఇచ్చాను. పిల్ల కుడిచేత్తో పట్టుకుంది. వంటింటి తలుపు తెరిచే ఉంది మరి. కట్టర్ పక్కకు జారింది. ట్యాంకు పైన నిలబెట్టాల్సిన సన్నటి తుపాకీ గొట్టం పుటుక్కున విరిగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. విరిగిన ముక్క బల్ల మీద పెట్టి మెల్లగా అడిగింది.

"కుడిచేతికి రాదు మామా. ఎడ్మది మంచిది కాదంటరు. మరి నాకు ఏ చెయ్యి ఉన్నట్టు?"

ఎందరో పండితులతో వాదించాను. ఇంత బరువైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తొమ్మిదేళ్ల పిల్ల తనకు చేతులే లేవని తేల్చుకునే స్థితికి తెచ్చాం! ఈ పిల్ల చెయ్యి ఈ పిల్లకు దక్కాలి. ఆ వేసవిలో నాకు అంతకు మించిన పని లేదు.

కట్టర్‌ను బల్ల నడిమధ్య పెట్టాను. "నీకు ఎట్ల బుద్ధయితే గట్ల తీస్కో."

తలుపు వైపు ఒకసారి చూసింది. ఎడమచేత్తో తీసుకుంది. టిక్. దీపం ఊడి వచ్చింది, గీత పడకుండా. టిక్. కొక్కెం. ఈసారి కట్టర్ జారలేదు. సరిగ్గా అప్పుడే అవ్వ చల్ల గ్లాసులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేను ఒకదిక్కు కడుతుంటే నువ్వు ఒకదిక్కు ఇప్పుతున్నవా కొడకా?"

నేను సభలో లేచినట్టు లేచాను. మెదడు సంగతి, పుట్టుక సంగతి, సబ్బు సంగతి అన్నీ చెప్పాను. అవ్వ చల్ల గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగు. గొంతు ఆరిపోతది."

నేను కుర్రతనంలో వాదం నేర్చుకున్న చోట ఒక నియమం ఉండేది. ఎదుటివాళ్ల మాటను ముందు వాళ్లకంటే బాగా చెప్పాలి, వాళ్లు "అవును, అదే" అనాలి, ఆ తర్వాతే ఖండించాలి. ఆ నియమం పిల్లకు ఏనాడో ఆటగా నేర్పాను. ఆ క్షణంలో నేనే దాన్ని మరిచాను. ఆమె మరవలేదు.

"ఆగు మామా. అమ్మమ్మ మాట నేను చెప్త. అమ్మమ్మ ఏమంటదంటే, పెండ్లిల నేను ఎడ్మచేత్తోని తింటే పక్కపొంటి కూసున్నోళ్లు నవ్వుతరు. గుడిల పంతులు తిడ్తడు. రేపు అత్తగారింట్ల మాటలంటరు. గప్పుడు నేను ఏడుస్త. నేను ఏడ్సుడు అమ్మమ్మ సూడలేదు. అందుకే ఇప్పుడే మార్సాలె అంటది. అవునా అమ్మమ్మా?"

అవ్వ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "అవును బిడ్డా. గదే."

"ఇగ నా మాట. గీ ట్యాంకును పంతులు సూడడు గదా!"

అవ్వకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. నవ్వు తగ్గాక అవ్వ తీర్పు చెప్పింది. "సరే. గా బొమ్మ కాడికే. అన్నం కాడ, రాసే కాడ కుడిచెయ్యే."

జానెడు నేల గెలిచాం! అంతవరకు ఆ పిల్ల ఎడమచేతికి ఈ లోకంలో ఎక్కడా చోటు లేదు. ఇప్పుడు ఒక బల్ల మీద దొరికింది.

ఇక చూడాలి మా ఉత్సాహం. కరీంనగర్ ఎండలో కూలర్ బంద్ చేసి కూర్చునేవాళ్లం. ఎందుకంటే దాని గాలికి ముక్కలు ఎగిరి మంచం కింద పడేవి. చెమట కారి ముక్కు కొసన నిలిచినా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ ఉండేవి కాదు. విరిగిన తుపాకీ గొట్టం బదులు సన్నటి చీపురు పుల్ల అతికించాం. చక్రాల మీద చైను బిగించి దాన్ని ముందుకు తోసినప్పుడు, చక్రం తర్వాత చక్రం తిరిగి, చైను ముందు పరుచుకుని వెనక లేచింది. పిల్ల కేక వేసింది. నేనూ వేశాను. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీదుగా తొంగి చూశారు.

రంగు పూశాక ట్యాంకు ప్లాస్టిక్ సబ్బుడబ్బాలా కనిపించింది, ఒకే పచ్చ. అప్పుడు నల్లరంగును నీళ్లలో పలచగా కలిపి పైన వదిలాం. ఆ నీరు తనంతట తాను పాకి, ప్రతి సందులోకి, ప్రతి మేకు చుట్టూ చేరింది. చూస్తుండగానే ప్లాస్టిక్ ఇనుమైంది! మంత్రం అనే మాట నేను వాడను. నీరు సందులోకి ఎందుకు పాకుతుందో చెప్పగలను. చెప్పగలిగినా ఒళ్లు పులకరించింది. తెలిసినదానికి పులకరింత ఉండదని ఎవరన్నారు?

కింద నేల కావాలి. కరీంనగర్ మట్టి వద్దంది పిల్ల. వాళ్ల ఇచ్చోడ నల్లరేగడే కావాలట. వానకాలం ఆ బురదలో ట్రాక్టర్లు దిగబడడం ఆమె చూసింది. ట్యాంకు ఆ బురదలో పోవాలి. ఫోన్ చేస్తే పిల్ల తండ్రి ఒక సంచి మట్టి బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపాడు. బస్టాండులో డ్రైవరు నా చేతికి ఇస్తూ అన్నాడు: "ఏంది సారూ, కరీంనగర్ల మట్టి కూడ అయిపోయిందా?"

మట్టిని అవ్వ పాత చీర కొంగుతో జల్లించాం. ముప్పై అయిదో వంతు లోకంలో ఇసుక రేణువు కూడా బండరాయే కదా. తెల్ల జిగురు, నీళ్లు కలిపి, ఒక పీట మీద మందంగా పరిచి ఎండబెట్టాం. తెల్లారి చూస్తే బురద మాయం. మట్టి అంతా పలకలు పలకలుగా పగిలి ఉంది! నేను తల పట్టుకున్నాను. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, కళ్లను పీట అంచుకు ఆనించి చూసింది.

"మామా! మా ఎండకాలం చేను గిట్లనే ఉంటది! మస్తు పగుళ్లు, చెయ్యి వడ్తది లోపల!"

నిజమే. రేగడి ఎంత చిన్నగా పరిచినా రేగడే. ఎండితే కుంచించుకుంటుంది, పగులుతుంది. పైగా ఆ పగుళ్లు మా కొలతకు సరిపోయాయి! అక్కడికక్కడే కాలం మార్చేశాం. వాన తీసేసి ఎండాకాలం పెట్టాం. పత్తి తీసేశాక మిగిలిన ఎండు మొక్కలను చీపురు కొసలతో చేసి గుచ్చాం. మొక్కలకు ఒకటీ అరా పత్తి పోగులు. కాల్చే సిపాయిల చేతుల్లోంచి పిల్ల తుపాకులు తీసేసింది. ఒకతనికి నీళ్ల డబ్బా ఇచ్చింది. "గింత ఎండల ఎవ్వడు కొట్లాడుతడు?" అంది. నా ఉపన్యాసాలన్నిటికంటే అది బాగుంది.

అవ్వ అప్పటికి రోజూ ఏదో వంకతో మా గదిలోకి వస్తోంది. ఒకనాడు ట్యాంకు వెనక భాగంలో పెట్టాల్సిన ప్లాస్టిక్ చుట్టలు చూసింది. సిపాయిల పరుపులు, టార్పాలిన్లు చుట్టి కట్టుకున్నట్టుగా కిట్టులో ఇచ్చినవి.

"ఏంది గివి?"

"పరుపు సుట్టలు అమ్మమ్మా."

"గివి సుట్టలా? గిట్ల సుట్టుకపోతే బీడీ కార్ఖాన్ల మొకాన కొట్టేటోళ్లు!"

పలచటి కాగితం తెమ్మంది. జిగురు నీళ్లలో తడిపింది. కాగితం రెండు చేతుల నడుమ ఆడింది, వేళ్లు అటొక మడత ఇటొక మడత వేశాయి, దారం చుట్టుకుంది. బల్ల మీద ముప్పై అయిదో వంతు పరుపు చుట్ట పడింది. మడతలతో, ముడితో, నిజంగా ఎవరో పొద్దున్నే లేచి చుట్టి పెట్టినట్టు! ఇంకొకటి. ఇంకొకటి. పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మమ్మా, నీ ఎడ్మచెయ్యి కూడ ఎంత మంచిగ చేస్తది!"

"రెండు చేతులు లేంది బీడీ ఎట్లయితదే పిచ్చిదానా?" అంది అవ్వ, పని మీంచి కళ్లు తీయకుండా.

ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా? ఉపన్యాసానికి నోరు తెరిచాను. బల్ల కింద పిల్ల నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. నోరు మూసుకున్నాను.

చుట్టలను ట్యాంకు వెనక, కొక్కేల సందులో దూర్చాలి. అవ్వ ప్రయత్నించింది. వేళ్లు లావు, సందు ఇరుకు. పిల్ల చిన్న పట్టకారు తీసుకుంది, కుడిచేత్తో. అవ్వ ముందర, అవ్వ చేసిన వస్తువు కదా, అందుకని. చుట్ట జారి రేగడి పగుల్లో పడింది. మళ్లీ పట్టింది. మళ్లీ జారింది.

"నీ చేత్తోని పెట్టు బిడ్డా" అంది అవ్వ.

"గిది నా చెయ్యే గదా."

"గది కాదు. నీది. పుర్రది."

పట్టకారు చెయ్యి మారింది. చుట్ట గాలిలో తేలినట్టు పోయి, కొక్కేల నడుమ కుదురుగా కూర్చుంది. అవ్వ ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

ఆ పూట అన్నం కాడ పేలిక కనబడలేదు. రంగు తుడుచుకోవడానికి అవ్వ దాన్ని మా బల్ల మీద పడేసింది. పిల్ల ముద్ద కలుపుతూ ఆగి, అవ్వ ముఖంలోకి చూసింది.

"సబ్బుతోని కడిగినవా?" అంది అవ్వ.

"కడిగిన."

"మరి తిను."

వాదమంతా అంతే! నేను ఏళ్ల తరబడి చేసిన ఉపన్యాసం ఆ కొద్ది మాటల్లో అయిపోయింది.

బడి తెరిచే ముందు చెల్లెలు పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. చెప్పులు విడవకముందే అడిగింది. "చెయ్యి మారిందా?"

"ముందుగాల గిది సూడు" అని అవ్వ ఆమెను పీట ముందు కూర్చోబెట్టింది. చెల్లెలు పగిలిన రేగడి చూసి "మన చేను!" అని ముఖం దగ్గరికి పెట్టింది. ట్యాంకు పక్కన తెల్లటి అంకెలు ఉన్నాయి, బియ్యపు గింజల కంటే చిన్నవి, అచ్చు వేసినట్టు.

"గివి ఎవలు రాసిండ్రు?"

"నీ బిడ్డ."

"ఏ చేత్తోని?"

"గది అడిగితే నీకు ఛాయ్ లేదు" అంది అవ్వ.

చెల్లెలు నా వైపు కోపంగా చూసింది. నేను ఈసారి ఉపన్యాసం మొదలుపెట్టకుండా, నాదేం లేదన్నట్టు రెండు చేతులూ చాచి చూపించాను. "రేపు బడిల టీచర్ తిడితే నువ్వు వస్తవా అన్నా?" అంది. వస్తానన్నాను. అవ్వ కూడా వస్తానంది. టీచర్ మీద నాకు జాలి కలిగింది.

బస్సులో పిల్ల పీటను ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో ట్యాంకును పొదివి పట్టుకుంది. చెల్లెలు నీళ్ల సీసా అందించబోయింది. పిల్ల ఎడమచెయ్యి చాచింది. చెల్లెలి చెయ్యి గాలిలో ఆగింది. కిటికీ బయట నిలబడి నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత చెల్లెలు మూత కూడా తనే విప్పి, సీసాను ఆ ఎడమచేతిలో పెట్టింది. బస్సు కదిలింది.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లోనో మీ తరగతిలోనో అలాంటి పిల్ల ఉంటుంది, మీకు తెలుసు. లేవండి. పెన్సిల్ తీసుకుపోయి బల్ల నడిమధ్య పెట్టండి. ఆ పిల్ల ఏ చేత్తో అందుకుంటుందో చూడండి. ఆ చేతిని వదిలేయండి. మణికట్టు మీది పేలిక ఈ పూటే విప్పండి!