ఒక్క ‘ట’ కోసం

ఆ వార్తల వెబ్‌సైటు ఆఫీసులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘అటక్క’ అంటారు. పదకొండేళ్లుగా వార్తలు దిద్దడమే ఆమె పని. రుజువు లేని ప్రతి మాట చివరా ‘ట’ తగిలిస్తుంది. కొట్టాడట, మింగాడట, పారిపోయాడట. చూడనిది చూసినట్టు రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. వెక్కిరిస్తే వెక్కిరించనీ, ఆమెకేం!

ఆ మంగళవారం స్కూలు వ్యాను ఒకటి గోడను గుద్దింది. ‘డ్రైవరు తాగి నడిపాడట’ అని ఆమె శీర్షిక పెడితే, ఎడిటరు ‘నడిపాడు’ చేసి పారేశాడు.

“ఎవరు చూశార్సార్, అతను తాగడం?”

“నీ ‘ట’ పెడితే ఆ వార్త మీద ఎవడు నొక్కుతాడక్కా? మన కొంప ముంచుతావా ఏంటి!”

మూడో రోజున డ్రైవరు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. చుక్క మందు లేదు. బ్రేకు పోయింది, అంతే. ఈలోపు డ్రైవరు ఉద్యోగం ఊడింది. అతని భార్య పరీక్ష కాగితం పట్టుకుని ఆఫీసుకే వచ్చింది.

“క్లాసులో మా పాపని తాగుబోతు కూతురు అంటున్నారటండీ. మీరు తప్పు దిద్దితే ఆయన్ని మళ్లీ పనిలోకి రానిస్తామన్నారు స్కూలువాళ్లు.”

అంత ఏడుపులోనూ తాను స్వయంగా వినని మాటకు ‘ట’ పెట్టింది ఆ తల్లి. ఈ ఆఫీసులో ఏ దద్దమ్మకూ లేని బుద్ధి! అటక్కకు సిగ్గేసింది.

గుట్టుచప్పుడు కాకుండా వార్త తీసేద్దామన్నాడు ఎడిటరు. ఆమె గడ్డి పెట్టింది. చివరికి విసుగెత్తి, “సరే తల్లీ, నేనే రాస్తా, పో” అన్నాడు.

రాశాడు మహానుభావుడు. ‘డ్రైవరు తాగలేదట.’

అటక్కకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు మొత్తుకున్నా పెట్టనివాడు, రుజువు బల్ల మీద ఉండగా ఇప్పుడు పెడతాడా?

“ఇదేంటి సార్?”

“నువ్వు నేర్పిందే కదక్కా!” పళ్లికిలించాడు. “దాన్ని ముట్టుకున్నావంటే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆమె తన కుర్చీలోకి వెళ్లి ‘తాగలేదు’ అని దిద్దింది. ‘మేము తప్పు రాశాము’ అని కలిపి, కింద తన పేరు పెట్టింది. మెడలోని ఆఫీసు కార్డు తీసి ఎడిటరు బల్ల మీదికి విసిరికొట్టింది.

ఆమె గుమ్మం దాటుతుంటే వెనక ఎవరో గుసగుసలాడారు. “అటక్క పోతోందట.”

“పోతోందట ఏంట్రా?” గిర్రున తిరిగింది. “పోతోంది. కళ్లారా చూస్తున్నారుగా, అలాగే రాసుకోండి!”